ఆగస్టులో క్రిస్మస్ చూసినాను, ఆయన ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదు?

చిత్తూరు_పిల్ల:

అందరికీ నమస్తే. మొన్న శనివారం రాత్రి ఒక కొరియా సినిమా చూసినాను, నాలుగు రోజులుగా అదే తల్లో తిరగతా ఉంది, ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలీక ఇక్కడ రాస్తా ఉండాను. పేరు క్రిస్మస్ ఇన్ ఆగస్ట్, 1998లో వచ్చింది, డైరెక్టర్ హుర్ జిన్‌హో, ఆయనకు అదే మొదటి సినిమా. కథ మొత్తం చెప్పేస్తా, చెప్తే పాడయిపోయే సినిమా కాదు ఇది.

జంగ్‌వన్ అని ఒకాయన, ముప్పై దాటింది, పెళ్లి కాలేదు, చిన్న ఊళ్లో ఫోటో స్టూడియో నడుపుకుంటా వాళ్ల నాయనతో ఉంటాడు. ఆయనకు జబ్బు, ఎక్కువ రోజులు బతకడు, ఆ సంగతి ఆయనకు తెలుసు. జబ్బు పేరు ఏందో సినిమాలో ఒక్కసారి కూడా చెప్పరు. దారిమ్ అనే అమ్మాయి ట్రాఫిక్‌లో పని చేస్తుంది, రోడ్డుకు అడ్డంగా పెట్టిన కార్లకు ఫైన్ రాసే ఉద్యోగం, ఆ కార్ల ఫోటోలు కడిగించుకోడానికి ఈయన షాపుకు వస్తుంది. అట్లా వస్తా పోతా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం పుడుతుంది. ఐస్‌క్రీమ్ తింటారు, స్కూటర్ మీద తిరుగుతారు, ఒక రాత్రి నడుచుకుంటా పోతా ఆయన దెయ్యం కథ చెప్తే ఈ పిల్ల భయపడి ఆయన చెయ్యి పట్టుకుంటుంది. ప్రేమ అంటే సినిమా మొత్తానికి అంతే. నువ్వంటే నాకిష్టం అని ఇద్దరిలో ఎవరూ నోరు తెరిచి అనరు. ఆయన ఆస్పత్రి పాలవుతాడు, షాపు మూసి ఉంటుంది, ఈ పిల్ల రోజూ వచ్చి చూసి పోతుంది, తలుపు సందులో ఉత్తరం పెడుతుంది, జవాబు లేదు, చివరికి కోపం ఆపుకోలేక షాపు అద్దం మీదికి రాయి విసురుతుంది. ఆయన తిరిగొచ్చి ఉత్తరం చదువుకుంటాడు, జవాబు కూడా రాస్తాడు, కానీ పోస్టు చెయ్యడు, పెట్టెలో దాచేస్తాడు. తర్వాత పోతాడు. చలికాలంలో ఈ పిల్ల ఆ షాపు ముందుకొచ్చి షోకేసులో తన ఫోటో పెట్టి ఉండేది చూసి నవ్వుకోని వెళ్లిపోతుంది. ఆయన లేడని ఆ పిల్లకు తెలిసినట్టు ఎక్కడా చూపించరు.

ఇప్పుడు నా సంగతి. మా నాయనది చిత్తూరులో ఫోటో స్టూడియో, 31 సంవత్సరాలు నడిపినాడు. నేను చిన్నప్పుడు డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద స్టూలు మీద కూర్చోని ట్రేలో తెల్ల కాగితం మీద మనిషి మొహం మెల్లమెల్లగా పైకి రావడం చూస్తా ఉండేదాన్ని. ఈ సినిమా పెట్టిందే స్టూడియో బొమ్మ చూసి. నాలుగేళ్ల కింద మా నాయన పోయినాడు. ఆయనకు బాగలేదని నాకు తెలిసింది పోయేదానికి పద్దెనిమిది రోజుల ముందు. ఇంట్లోవాళ్లకు ఆరు నెలల ముందే తెలుసు. నేనప్పుడు తిరుపతిలో రూములో ఉండి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటా ఉన్నా, బిడ్డ పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దన్నాడంట నాయన. వారం వారం ఫోన్ చేసేవాడు, బాగా చదువుతా ఉండావా, అన్నం సరిగ్గా తింటా ఉండావా, అంతే. గొంతు మారింది నాయనా జలుబు చేసిందా అని నేను అడిగితే అవును రొంత జలుబు అన్నాడు. డెబ్బై కిలోమీటర్లే కదా మా ఊరు, రెండు గంటల బస్సు, తెలిసుంటే ప్రతి ఆదివారం పోయేదాన్ని కదా అనేది నాకు నాలుగేళ్లుగా పోలేదు.

సినిమాలో ఒక సీను ఉంది, కొడుకు తన నాయనకు వీసీఆర్ ఎట్లా వెయ్యాలో నేర్పిస్తాడు. ముసలాయనకు ఎంత చెప్పినా రాదు, మళ్లీ మళ్లీ తప్పు బటను నొక్కుతాడు, వీడికి కోపమొచ్చి లేచి బయటికి పోతాడు. తర్వాత ఒక్కడే కూర్చోని ఏది ముందు నొక్కాలో ఏది తర్వాత నొక్కాలో కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెడతాడు. అక్కడ నేను ఆపేసి చాలాసేపు ఏడ్చినాను. మా నాయన కూడా ఒక నోటుబుక్కు రాసిపెట్టినాడు, గ్యాస్ ఏ నంబరుకు బుక్ చెయ్యాల, మోటారు ఎంతసేపు వెయ్యాల, ఎల్‌ఐసీ కాగితాలు ఏ బీరువాలో ఉండాయి, కరెంటు బిల్లు ఏ తేదీ లోపల కట్టాల, అన్నీ. అందులో నాకంటూ ఒక్క లైను లేదు.

అడగాల్సింది ఒకటే. ఆయన ఆ పిల్లకు చెప్పకుండా పోవడం ప్రేమా, లేకపోతే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టా? సినిమా తీసినాయన ఏమనుకోని తీసినాడు? చూసినోళ్లు ఉంటే చెప్పండి.

నిద్రరాని_హాస్టల్:

అక్కా నేను ఎస్వీయూలో చదువుతున్నా, మా హాస్టల్‌లో నలుగురం కలిసి చూసినాం పోయిన సంవత్సరం, ఇద్దరు సగంలోనే పడుకున్నారు, నేనూ ఇంకొకడూ చివరిదాకా చూసినాం. నా మాట సూటిగా చెప్తా, అన్యాయమే. ఆ పిల్ల ఎన్ని రోజులు వచ్చి షాపు ముందర నిలబడింది, చీకట్లో అద్దంలోంచి తొంగి తొంగి చూసింది, తనేం తప్పు చేసిందో అని ఎంత ఆలోచించి ఉంటుంది. చెప్పి ఉంటే ఏడ్చేది, ఆస్పత్రికి పోయేది, పక్కన కూర్చునేది, అది ఆ పిల్ల హక్కు. నువ్వు తట్టుకోలేవులే అని ఎదుటోళ్ల తరఫున మనమే తీర్మానం చేసెయ్యడం నాకు నచ్చదు. మా ఇంట్లో కూడా అట్లనే, మా తాత పోయిన సంగతి నాకు పరీక్షలు అయినాక చెప్పినారు, ఇంటికి పోయేసరికి ఆయన మంచం కూడా లేదు, ఎత్తేసినారు. మీ కోపం తప్పు కాదక్కా.

హైపో_వాసన:

అమ్మా, నేను తిరుపతిలో స్టూడియో నడిపిన మనిషిని, 1984లో హెల్పర్‌గా చేరి తర్వాత సొంతంగా పెట్టుకోని, ఇప్పుడు నా కొడుకు చూసుకుంటున్నాడు. మీ నాయన మా వృత్తి వాడు అని చదవంగానే జవాబు రాయాలనిపించింది. సినిమా నేను చూడలేదు, మీరు రాసింది చదివి నిన్న రాత్రి కొడుకుతో పెట్టించుకోని చూసినా.

ముందు ఒక మాట. ఆ సినిమాలో ఒక ముసలమ్మ సీను ఉంది, మీరు దాని గురించి రాయలేదు. కొడుకులూ కోడళ్లూ అందరూ కలిసొచ్చి గ్రూపు ఫోటో దిగుతారు, ఆఖర్న అమ్మకు ఒక్కదానికి ఒకటి తియ్యండి అంటారు. ఆ ఒక్క ఫోటో ఎందుకో ఆ గదిలో అందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. సాయంత్రం ఆమె ఒక్కతే మంచి బట్టలు కట్టుకోని మళ్లీ వస్తుంది, నాయనా ఇంకోసారి బాగా తియ్యి, ఇది నేను పోయినాక పెట్టే ఫోటో అని. మన దగ్గర దండేసే ఫోటో అంటాం చూడు, అదే. అమ్మా, నేను ఇరవై మందికి పైగా అట్లాంటోళ్లకు తీసినా. కొండకు వచ్చిన యాత్రికుల్లో కూడా ఉంటారు. గుండు కొట్టించుకోని ఏడుకొండల పరదా ముందర కుటుంబమంతా నిలబడి నవ్వుతా దిగుతారు, అదయినాక పెద్దాయన మెల్లగా దగ్గరికొచ్చి, నాకొక్కడికి ఒకటి తియ్యప్పా, కోటు ఉంటే ఇయ్యి అంటాడు. వాళ్లు ఎవరూ ఏడ్చుకుంటా కూర్చోలేదు. దువ్వెన అడుగుతారు, పౌడరు అడుగుతారు. ముందుగా తీయించుకోకుండా పోయినోళ్లదే కష్టం, పెళ్లి గ్రూపు ఫోటో పట్టుకొస్తారు, మూడో వరసలో మూలన సగం మొహం ఉంటుంది, దాన్ని పెద్దది చేసి ఇమ్మంటారు, ఎంత టచింగ్ చేసినా ఆ కళ్లలో జీవం రాదు.

ఆ సినిమా హీరో చివర్లో ఏం చేసినాడు? తన ఫోటో తనే తీసుకున్నాడు. కెమెరా పెట్టుకోని, కూర్చోని, కళ్లద్దాలు సర్దుకోని, చిన్నగా నవ్వినాడు. ఆ నవ్వే చావు ఫోటోగా మారిపోతుంది. చచ్చిపోయే సీను లేదు, ఆస్పత్రిలో గుమిగూడి ఏడ్చే సీను లేదు. మా పని చేసినోడు అట్లనే పోవాలనుకుంటాడు అనిపించింది నాకు, ఇంకో మనిషి చేతిలో తన మొహం ఎట్లా వస్తుందో అని మాకు భయం ఉంటుంది.

ఇంకొకటి, షోకేసు సంగతి. మొదట్లో ఆ షోకేసులో ఆయన పాత స్నేహితురాలి ఫోటో ఉంటుంది, చిన్నప్పుడు ఇష్టపడిన అమ్మాయి. పెళ్లయ్యి కష్టాలు పడి ఊరికి వచ్చి, నా ఫోటో తీసెయ్యి అని అడుగుతుంది, ఆయన తీసేస్తాడు. మా షాపుకు అట్లా వచ్చినోళ్లు ఉన్నారమ్మా. పెళ్లి కూతురు ఫోటో బాగా వచ్చిందని మేము సంబరంగా షోకేసులో పెడతాం, రెండు మూడేళ్లకు ఆ పిల్లే వచ్చి, అన్నా తీసెయ్యండి అంటుంది, ఎందుకని మేము అడగం. అందుకే ఆ చివరి సీనులో దారిమ్ ఏమంటుందో అని నాకు గుండె కొట్టుకునింది. తీసెయ్యమనలేదు. చూసి నవ్వింది. స్టూడియో మనిషికి అంతకన్నా ఏం కావాల. చెప్పినాడా చెప్పలేదా అనేది నాకు ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

మీ నాయన షోకేసులో మీ ఫోటో ఉండేదా అమ్మా?

చిత్తూరు_పిల్ల:

హైపో_వాసన గారూ, ఉండేది అంకుల్. ఏడో తరగతిలో దిగింది, ఊదా రంగు లంగా, రెండు జడలు, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. నాకు సిగ్గు, ఫ్రెండ్స్ చూసి నవ్వుతారని ఇంటర్‌లో ఉన్నప్పుడు గొడవ చేసి తీయించేసినాను. మీరు అడిగేదాకా నాకు ఈ సంగతి గుర్తే లేదు.

తమ్ముడూ, నువ్వు చెప్పింది నా మనసులో మాటే. మీ తాత మంచం సంగతి చదివి బాధ అయింది.

మెల్లగా_చూద్దాం:

ఈ సినిమా గురించి ఇక్కడ ఇంత మాట్లాడుకోవడం చూస్తే చాలా సంతోషంగా ఉంది, నేను పదేళ్లుగా ప్రతి ఆగస్టులో ఒకసారి చూస్తా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక చేసుకోండి.

తీసినాయన ఏమనుకున్నాడు అని అడిగారు కదా. కిమ్ క్వాంగ్‌సోక్ అని కొరియాలో జనం ప్రాణంలా చూసుకున్న గాయకుడు 1996 జనవరిలో చనిపోయాడు, చిన్న వయసే. అంత్యక్రియల దగ్గర పెట్టిన ఫోటోలో ఆయన నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వు చూసి హుర్ జిన్‌హోకు ఈ కథ పుట్టిందంటారు. అంటే సినిమా మొదలైందే ఆ ఫోటోతో, చావు పక్కన నవ్వు ఎట్లా ఉంటుంది అనేదాంతో. హైపో_వాసన గారు సొంత ఫోటో సీను దగ్గర ఆగారు చూడండి, సినిమా గుండెకాయ అదే, ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు.

ఇక చెప్పడం చెప్పకపోవడం. ఆయన అసలు ఎవరికీ చెప్పలేదు అనేది నిజం కాదు. తాగి ఉన్నప్పుడు ఫ్రెండు చెవిలో నేను చచ్చిపోతా అంటాడు, వాడు తాగుడు మాటలే అనుకుంటాడు. పోలీస్ స్టేషన్‌లో గొడవ పడి, నన్నెందుకు నోరు మూసుకోమంటారు అని అరుస్తాడు, సినిమా మొత్తంలో ఆయన అరిచేది అక్కడే. రాత్రి దుప్పటి కప్పుకోని ఏడుస్తుంటే వాళ్ల నాన్న తలుపు బయట నిలబడి వింటాడు, లోపలికి రాడు. చెల్లెలితో కలిసి అరుగు మీద పుచ్చకాయ తింటూ గింజలు ఉమ్ముకుంటారు, ఆమెకు తెలుసు, ఆ తెలిసినతనం మాటల్లో రాదు. ఇంట్లో అందరికీ తెలుసు, తెలిసినోళ్ల మధ్య ఆయన రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతున్న మనిషే. దారిమ్ ఒక్కతే ఆయన్ని మామూలు మనిషిలాగా చూసేది. ఫోటోలు త్వరగా ఇవ్వండి అని విసుక్కుంటుంది, అలుగుతుంది, మీ వయసెంత అని అడుగుతుంది. ఆ పిల్ల షాపులో ఉన్నంతసేపు ఆయనకు జబ్బు లేదు. చెప్పేస్తే ఆ ఒక్క చోటు కూడా పోతుంది కదా. ఇది ఆ పిల్ల కోసం చేసిన త్యాగం అని నేను అనుకోను, అందులో ఆయన స్వార్థం కూడా ఉంది, ఆ స్వార్థాన్ని మాత్రం నేను తప్పు పట్టలేను.

అద్దాన్ని గమనించారా? ఆ పిల్లని మనం చాలాసార్లు షాపు అద్దంలోంచే చూస్తాం. చివర్లో ఆమె వేరే చోటికి మారిపోయిందని తెలిసి ఆయన వెతుక్కుంటూ వెళ్లి ఒక కాఫీ షాపులో కూర్చుంటాడు, బయట ఆ పిల్ల డ్యూటీలో ఉంటుంది. లేచి పోడు, పిలవడు. అద్దం మీద వేలితో ఆమె నడిచే దారిని తడుముతాడు. కెమెరా పెద్దగా కదలదు, ఎక్కువసార్లు ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది, వెనక పాట ఊదరగొట్టదు, మనకు చూడ్డానికి టైమ్ ఇస్తుంది. స్లో సినిమా అని తిడతారు గానీ, మన ఇళ్లల్లో అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చోని చూసినట్టుంటుంది, ఏమీ జరగట్లేదు అనిపిస్తుంది, లేచి పోవాలని మాత్రం అనిపించదు. కెమెరామన్ యూ యంగ్‌గిల్ పెద్దాయన, సినిమా రిలీజ్‌కు కొద్ది రోజుల ముందు పోయాడు, ఇదే ఆయన ఆఖరి సినిమా. అది తెలిశాక ఆ వెలుతురు చూసే తీరే మారిపోయింది నాకు. రిలీజ్ అయిన టైమ్ కూడా అట్లాంటిదే, 1997 చివర్లో కొరియాలో డబ్బు సంక్షోభం వచ్చి కంపెనీలు మూతపడి జనం ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న రోజులు, 1998 జనవరిలో ఇది వచ్చింది, ఆ చలిలో జనం పోయి చూశారు. అదే సంవత్సరం ఫ్రాన్స్‌లో జరిగే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో క్రిటిక్స్ వీక్ అనే విభాగంలో కూడా వేశారు. షూటింగ్ గున్సాన్ అనే ఊళ్లో చేశారు, స్టూడియో కోసం ఒక కారు షెడ్డును మార్చి కట్టుకున్నారు, తర్వాత పడగొట్టేస్తే ఊరివాళ్లు మళ్లీ కట్టించారు, ఇప్పటికీ జనం పోయి ఆ షోకేసు ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.

హాస్టల్ తమ్ముడూ, నీతో నాకు సగమే తేడా. ఆ పిల్ల రాయి విసరడం డైరెక్టర్ ఊరికే పెట్టలేదు. ఆమె కోపం న్యాయమైందని ఆయనకూ తెలుసు కాబట్టే ఆ అద్దం పగిలింది.

నైట్‌డ్యూటీ_అక్క:

నేను సినిమా చూడలేదు, చూసే తీరిక కూడా తక్కువ. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, పదిహేనేళ్లు దాటింది. చిత్తూరు పిల్లా, నీకు నేను చూసేది చెప్తాను.

మా వార్డులో ప్రతి మంచం దగ్గరా ఈ దాచుకోవడం ఉంటుంది. కారిడార్‌లోకి వచ్చి కొడుకు అంటాడు, సిస్టర్ మా నాయనకు తెలీకూడదు, అల్సర్ అని చెప్పినాం. లోపల నేను సెలైన్ మారుస్తుంటే ఆ నాయన మెల్లగా అంటాడు, అమ్మా నాకు తెలుసు, మా వాడికి చెప్పొద్దు, తట్టుకోలేడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాస్తారు, మధ్యలో నేను నిలబడతా. మొదట్లో నాకు కోపం వచ్చేది, మాట్లాడుకోండబ్బా, ఉన్నదే నాలుగు రోజులు అని అరవాలనిపించేది. ఒకసారి ఒకామె, పీలేరు వైపు నుంచి వచ్చినారు, భర్తకు తెలిసిపోయిందని తెలిసినాక కూడా, రోజూ పొద్దున దువ్వెన తెచ్చి తల దువ్వి, ఇంకో వారంలో పోదాం ఇంటికి, శనక్కాయలు పీకే టైమ్ అయింది అని చెప్పేది. ఆయన, ఊ పోదాం, కూలోళ్లకు చెప్పి పెట్టు అనేవాడు. అది అబద్ధం అని నేను ఇప్పుడు అనలేను. వాళ్లు మాట్లాడుకోవాల్సింది అట్లా మాట్లాడుకున్నారు.

కానీ దూరంగా ఉండేవాళ్ల సంగతి వేరు. ఆఖర్న పరిగెత్తుకోని వచ్చే కూతుళ్లను చూసినా నేను. బస్సు దిగి బ్యాగుతోనే వార్డులోకి వస్తారు, మొహం చూసి గుర్తుపట్టలేరు. అది చాలా కష్టం. దగ్గరున్నోళ్లకు రోజూ కొంచెం కొంచెంగా తెలిసింది వీళ్లకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. నీది ఆ బాధ. ఎవరు ఎంత ప్రేమతో చేసినా అది తగ్గదు, తగ్గాలని నువ్వు అనుకోనక్కర్లేదు కూడా. ఒకటి మాత్రం చెప్తా. నీకు పద్దెనిమిది రోజులు దొరికినాయి. ఆ రోజుల్లో ఏం మాట్లాడుకున్నారో నువ్వు ఇక్కడ రాయలేదు, రాయాలని కాదు, ఒకసారి గుర్తు తెచ్చుకో.

చిత్తూరు_పిల్ల:

అక్కా, మీ మెసేజ్ చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయినాను. పద్దెనిమిది రోజుల్లో పెద్ద మాటలు ఏమీ మాట్లాడుకోలేదు. నేను పక్కన కూర్చుంటే పాత నెగెటివ్‌ల డబ్బాలు తెప్పించినాడు, ఒక్కొక్కటి కిటికీ వెలుతురుకు పట్టుకోని ఇది ఫలానా వాళ్ల పెళ్లి, ఇది గంగజాతరలో తీసింది, ఈ ముసలాయన కట్టమంచి వాడు, డబ్బులు ఎగ్గొట్టినాడు అని చెప్తా ఉండె. నేను కవర్ల మీద పేర్లు రాస్తా ఉంటి. అదే పని రోజంతా. ఇవన్నీ ఇప్పుడెందుకు నాయనా పడుకో అని విసుక్కున్నా కూడా ఒకరోజు.

ఆదివారం చిత్తూరుకు పోయినాను. పొద్దున తిరుపతి బస్టాండులో ఎక్కితే పదికల్లా ఇంట్లో ఉన్నా. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకోని ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టినాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, కింద వచ్చే మాటలు నేను తెలుగులో చెప్తా ఉన్నా. మొదట అరగంట చింతపండు తీస్తా చూసింది, తర్వాత చేతులు ఆగిపోయినాయి. ముసలమ్మ సీనుకు, పాపం మంచి పని చేసింది అనింది. వీసీఆర్ సీనుకు ఏమీ అనలేదు. ఆ పిల్ల రాయి విసిరితే మాత్రం, బాగా చేసింది, అనింది గట్టిగా.

ఆయన ఉత్తరం రాసి పోస్టు చెయ్యకుండా పెట్టెలో పెట్టే సీను దగ్గర అమ్మ నన్ను ఆపమంది. ఆపినాను. కాసేపు ఊరికే ఉండి, చెప్పొద్దన్నది మీ నాయన కాదు, నేను, అనింది. మీ నాయన రెండుసార్లు ఫోన్ చేతిలో పెట్టుకోని కూర్చున్నాడు, పిల్లకు చెప్పేస్తానే అన్నాడు, నేనే లాక్కున్నా, పరీక్ష ఇరవై రోజులుంది, చదువు పాడవుతుంది, అయిపోయినాక మనమే పోయి పిలుచుకొద్దాం అన్నా. పరీక్ష అయ్యేసరికి ఆయనకు ఓపిక తగ్గిపోయింది. తర్వాత నువ్వు అడిగితే మీ నాయనే వద్దన్నాడని చెప్పేసినా, నన్ను ఏమంటావో అని.

నాలుగేళ్లు నేను కోపం పెట్టుకున్నది ఆయన మీద. నోటుబుక్కులో నాకు ఒక్క లైను లేదని కూడా ఆయన మీదే. అమ్మను ఏమీ అనలేకపోయినాను, అనాలని కూడా అనిపించలేదు. ఆమె చేతులకు చింతపండు అంటుకోనుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటే కళ్లలో పడుతుందని నేనే తువ్వాలు తెచ్చి ఇచ్చినా. తర్వాత మిగతా సినిమా చూసినాం.

చివర్లో షోకేసు చూసి ఆ పిల్ల నవ్వితే, ఆమెకు తెలిసిపోయింది అనింది అమ్మ. ఎట్లా చెప్తావమ్మా, సినిమాలో చెప్పలేదు కదా అంటే, బతికుండేవాడయితే ఎదురుగా వచ్చి ఫోటో చూపించి ఉండేవాడు కదే, షోకేసులో పెట్టి పోతాడా అనింది. ఇది నాకు తట్టలేదు. మెల్లగా_చూద్దాం సార్, మీకు తట్టిందా?

హైపో_వాసన అంకుల్, ఆ ఏడో తరగతి ఫోటో దొరికింది. అటక మీద షోకేసు ఫ్రేములు మూట కట్టి పెట్టినాడు నాయన, అందులో ఉంది. రంగు పోయింది, జడ రిబ్బన్లు మాత్రం ఎర్రగానే ఉండాయి. నెగెటివ్ కూడా ఉండాలి, డబ్బాల్లో వెతకాల. దొరికితే మీ దగ్గరికి తెచ్చి కొత్త ప్రింటు వేయించుకుంటా, షాపు ఎక్కడో చెప్తే వస్తా.

ఇంకొకటి, అమ్మ ఇట్లాంటిదే ఇంకోటి పెట్టమంటా ఉంది వచ్చే ఆదివారం. ఏం చూడొచ్చో చెప్పండి, అందులో ఎవరన్నా చచ్చిపోతారా అని ముందే కనుక్కోమంది.

హైపో_వాసన:

నెగెటివ్ దొరికితే వేళ్లతో మధ్యలో పట్టుకోవద్దమ్మా, అంచులు పట్టుకో. ఫంగస్ ఉంటే నీళ్లతో కడగొద్దు, అట్లనే కవర్లో పెట్టి తీసుకురా, నేను చూసుకుంటా. గాంధీ రోడ్డులో దిగి ఇక్కడ మెసేజ్ పెట్టు, మా వాడు వచ్చి పిలుచుకొస్తాడు.

నిద్రరాని_హాస్టల్:

అక్కా, అమ్మగారు రాయి విసరడం బాగా చేసిందన్నారు చూడు, ఆమెకు నా నమస్కారాలు చెప్పు. ఈ శనివారం నేనూ ఇంటికి పోతున్నా. తాత మంచం ఎవరికిచ్చినారో అడుగుతా.

మెల్లగా_చూద్దాం:

మీ అమ్మగారి మాట నాకు తట్టలేదండీ. ఇన్నిసార్లు చూసి కూడా తట్టలేదు. ఈ ఆగస్టులో ఆ మాట పెట్టుకోని మళ్లీ చూస్తా.

వచ్చే ఆదివారానికి అదే డైరెక్టర్ 2001లో తీసిన వన్ ఫైన్ స్ప్రింగ్ డే పెట్టండి. సౌండ్ ఇంజినీర్ కుర్రాడు ఒకడు, గాంగ్‌నంగ్‌లో రేడియో స్టేషన్‌లో పని చేసే ఆమె ఒకరు, ఇద్దరూ కలిసి వెదురు తోపులో గాలి చప్పుడు, గుడి దగ్గర చిరుగంటల చప్పుడు, వాగు చప్పుడు రికార్డు చేసుకుంటూ తిరుగుతారు. ఇష్టపడతారు, తర్వాత ఆమెకు ఇష్టం తగ్గిపోతుంది, వాడికి తగ్గదు, ప్రేమ ఎట్లా మారిపోతుంది అని అడుగుతాడు. మీ అమ్మగారికి హాంగ్ సాంగ్‌సూ అనే ఇంకో కొరియా డైరెక్టర్ సినిమాలు ఇప్పుడే వద్దు, అవి తాగుతూ గంటలు గంటలు మాట్లాడుకునే సినిమాలు, మీరు అన్ని మాటలూ తెలుగులో చెప్పలేక అలిసిపోతారు. లీ చాంగ్‌డాంగ్ తీసిన పొయెట్రీ చాలా గొప్పది, 2010లో కాన్‌లో స్క్రీన్‌ప్లేకు అవార్డు వచ్చింది, కానీ బరువు ఎక్కువ, కొన్నాళ్లు ఆగండి.

చచ్చిపోతారా అని అడిగారు కదా. ఆ కుర్రాడి ఇంట్లో ఒక అవ్వ ఉంటుంది, మతిమరుపు, ఎప్పుడో పోయిన మొగుడు రైలు దిగి వస్తాడని రోజూ స్టేషన్‌కు పోయి కూర్చుంటుంది. మొగుడు వయసులో ఉన్నప్పటి ఫోటో చూపిస్తే గుర్తుపడుతుంది, ముసలి మొగుడి ఫోటో చూపిస్తే ఎవరో నాకు తెలీదంటుంది. ఆమె పోతుంది. మంచి బట్టలు కట్టుకోని, గొడుగు వేసుకోని ఇంట్లోంచి బయటికి నడుచుకుంటూ పోతుంది, అంతే చూపిస్తారు. అమ్మగారికి ముందే చెప్పండి.